చానమంది ఉన్నరు తియ్యి

మా నాయిన వరంగల్ చౌరస్తాలో, పొద్దున పదకొండు గంటలకు, ఒక స్టీలు సామాన్ల దుకాణం మెట్ల ముందు ఇరవై నిమిషాలకు పైగా పడి ఉన్నాడు. చుట్టూ జనం ఉన్నారు. ఎవరూ ముట్టుకోలేదు. ఇది జరిగి ఏడాది దాటింది. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. తగ్గలేదు. ఇక తగ్గదని అర్థమయ్యాక రాయడానికి కూర్చున్నాను.

ఆయనకు అప్పటికి డెబ్బై ఒకటి. సిటీ బస్సుల్లో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. హన్మకొండ నుంచి స్టేషన్ దాకా రోజుకు ఎన్నిసార్లు తిరిగేవాడో ఆయనకే గుర్తుండేది కాదు. కడుపుతో ఉన్న మనిషి బస్సెక్కితే, ఎవరో ఒకరిని లేపి సీటిప్పించేదాకా టికెట్లు కొట్టేవాడు కాదు. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. నేను పెళ్లి చేసుకోలేదు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను, పద్నాలుగేళ్లుగా. మనుషులు ఎందుకు అలా చేస్తారో పిల్లలకు చెప్పడమే నా ఉద్యోగం.

ఆ రోజు నాయిన కళ్లద్దాల కాడ విరిగింది. "చౌరస్తాల నాకు తెల్సినాయన ఉన్నడు బిడ్డా, పది నిమిషాల్ల బిగించిస్తడు" అని నాకంటే ముందే బయల్దేరాడు. రెండు ఇడ్లీలు తిన్నాడు. బీపీ గోలీ నా ముందే వేసుకున్నాడు. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత వచ్చినవాళ్లంతా ఇవే అడిగారు. తిన్నడా, గోలీ వేసుకున్నడా, ఎండల తిరిగిండా అని. తప్పు ఆయనలో ఎక్కడో దొరికితే వాళ్లకు నెమ్మదిగా ఉంటుంది.

చౌరస్తాలో ఏం జరిగిందో నేను తర్వాత ఒక్కొక్కరిని అడిగి తెలుసుకున్నాను. బస్సు దిగి నాలుగడుగులు వేయగానే కాలు తడబడింది. దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. "పొద్దుగాల్నే ఏసుకొచ్చిండు" అని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాటతో అయిపోయింది. తర్వాత వచ్చినవాళ్లందరికీ అక్కడ కనిపించింది తాగిన ముసలాయనే. పక్కకు ఒరిగితే మత్తు. కక్కితే మత్తు ఎక్కువైంది. కళ్లద్దాలు కింద పడి పగిలితే, చూసినవా ఎంత తాగిండో. ఒకసారి ఒక ముద్ర పడ్డాక మనిషి ఏం చేసినా ఆ ముద్రకే సాక్ష్యమవుతుంది. ఈ వాక్యం నా క్లాసు నోట్సులో ఉంది. ఎన్నో ఏళ్లుగా చదివి రాయిస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

పదకొండున్నరకు నా క్లాసు. హన్మకొండలో బస్సెక్కాను. వరంగల్ చౌరస్తా దగ్గర బస్సు ఆగిపోయింది. రోడ్డుకు ఎడమ పక్క దుకాణాల ముందు జనం గుమిగూడి ఉన్నారు. నా పక్కన కూర్చున్న పెద్దామె కిటికీ వైపు వంగి చూసి, "ఏమైందమ్మా గాడ?" అని అడిగింది.

"ఎవరో పడ్డట్టున్నరు."

"అయ్యో. ఎవలన్న చూస్తాండ్రా మరి?"

"చానమంది ఉన్నరు తియ్యి" అన్నాను.

అని ఫోన్ తీసి కాలేజీ గ్రూపులో మెసేజీలు చూసుకున్నాను. ఇన్విజిలేషన్ డ్యూటీలు మార్చారని ఏదో గొడవ. బస్సు మూడు నాలుగు నిమిషాలు అక్కడే ఉంది. మా నాయినకూ నాకూ మధ్య ఒక గది పొడవంత దూరం. ఆ తర్వాత బస్సు కదిలింది. నేను కాలేజీకి వెళ్లి క్లాసు మొదలుపెట్టాను. క్లాసు మధ్యలో కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే కట్ చేశాను. మూడోసారి ఎత్తాను.

ఫోన్ చేసింది రోడ్డు అవతల మక్క కంకులు కాల్చి అమ్మే ఆమె. నాయిన ఫోన్‌లో చివర మాట్లాడిన నంబరు చూసి చేసింది. "అక్కా, నీకేమైతడో నాకు తెల్వది గని, పెద్దాయనను దవాఖానకు తీస్కపోతానం. మూతి వంకర వోయింది. నువ్వు జల్దిన రా" అంది.

ఆమె ఆ ఇరవై నిమిషాలు బండి దగ్గర లేదు, నీళ్లకు పోయింది. వచ్చేసరికి జనం కనిపించింది. తోసుకుంటూ లోపలికి వెళ్లింది, నాయిన మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. "ఈయన తాగలే" అంది. తర్వాత ఆమె చేసిన పనిని అక్కడున్నవాళ్లలో ముగ్గురు నాకు నాలుగు రకాలుగా చెప్పారు, కానీ ఒక సంగతి అందరూ ఒకేలా చెప్పారు. ఆమె 'ఎవరన్నా రండి' అనలేదు. వేలు పెట్టి చూపించింది. "ఓ నీలం అంగీ అన్నా, నిన్నే. కాళ్లు వట్టు. ఓ చెల్లె, ఫోన్ల వీడియో బంజేసి ఆయన జేబుల ఫోనుందేమో చూడు. ఆటో అన్నా, నువ్వు కదలకు." వేలు తగిలిన వాళ్లంతా కదిలారు. అప్పటిదాకా రాళ్లలా నిలబడ్డవాళ్లే.

గుంపులో బాధ్యత పలచబడిపోతుందని, ఒక్కరిని పట్టుకుని పేరుపెట్టో వేలుపెట్టో అడిగితే ఆ పలచదనం పోతుందని మా పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని బైస్టాండర్ ఎఫెక్ట్ అంటారు. ఆమె నాలుగో తరగతి దాటలేదు.

దవాఖానలో డాక్టరు మంచివాడే. పక్షవాతం, మెదడు ఎడమ పక్క దెబ్బతిన్నది, కుడి చేయి, కుడి కాలు, మాట పోయాయని చెప్పాడు. నేను అడిగాను: "ఇరవై నిమిషాలు ముందు తెస్తే మాట నిలబడేదా సార్?"

ఆయన రిపోర్టు మూశాడు. "దీంట్ల ప్రతి నిమిషం విలువైందే అమ్మా. కాని మీ నాయిన విషయంల ఆ ఇరవై నిమిషాలు ఏం తేడా తెచ్చేదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

తేడా వచ్చేదంటే ఏడ్చేదాన్ని. రాదంటే ఊరుకునేదాన్ని. ఎవరూ చెప్పలేరన్నాడు కాబట్టి నాకు కోపం ఒక్కటే మిగిలింది.

కేసముద్రం నుంచి అన్న సాయంత్రానికి వచ్చాడు. అక్కడ మార్కెట్ యార్డులో పనిచేస్తాడు. మంచం పక్కన నిలబడి నాయిన చేయి పట్టుకున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు, బయటికి వచ్చి వరండాలో నాతో అన్నాడు: "నేను ముందే జెప్పిన. ఒక్కన్ని తిరగనియ్యకు, ఏదో ఒకటైతదని."

"ఎప్పుడు చెప్పినవే?"

"దసరాకు వచ్చినప్పుడు జెప్పలేదా?"

"దసరాకు వచ్చినప్పుడు నువ్వు నాయినను ఒక్కన్ని పంపి మటన్ తెప్పిచ్చినవు. ఆ వయసుల గట్ల నడుస్తాండు సూడు, మనకంటే నయం అన్నవు."

అన్న నా ముఖంలోకి చూశాడు. అబద్ధం చెప్తున్న మనిషి చూపు కాదు అది. నిజంగానే తను ముందే హెచ్చరించినట్టు ఆయనకు జ్ఞాపకం. జరిగిపోయాక ముందే తెలుసనిపించడం మనిషి బుర్రకు ఉన్న గుణమని నేను చెప్పే పాఠాల్లో ఉంది. తెలిసినంత మాత్రాన నాకు ఏమీ తగ్గలేదు. వరండాలో నలుగురూ చూస్తుండగా అన్నను నానా మాటలు అన్నాను. ఆయన మళ్లీ వారం దాకా నాతో మాట్లాడలేదు.

చూడటానికి వచ్చిన చుట్టాలూ అంతే. "బీడీలు మానలే గదా." "ఉప్పు ఎక్కువ తింటుండె." "ఈ వయసుల కళ్లద్దాలకు తానే పోవాల్నా?" ఒకామె అయితే దేవునికి ఏదో మొక్కు బాకీ పడ్డాడని తేల్చింది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మంచిగా బతికేవాళ్లకు మంచే జరుగుతుందని నమ్మకపోతే ఇంటికి వెళ్లి నిద్రపోలేరు. అందుకని మంచంలో మూతి వంకరై పడుకున్న మనిషి మీద నేరం మోపి, పండ్లు అక్కడ పెట్టి, పోయి నిద్రపోయారు. రెండో రోజు నుంచి పండ్లు వద్దని చెప్పేశాను.

పదిహేను రోజులకు నాయినకు ఒక మాట వచ్చింది. ఒకే ఒక్క మాట. నీళ్లు కావాలన్నా, నొప్పి అయినా, ఫ్యాను ఆపాలన్నా, "ముందుకు జరుగుండ్రి" అనేవాడు. ఆలోచించి కూర్చుకునే మాటలు పోయినా, బస్సులో వేలసార్లు అని నోటికి అలవాటైన మాట ఒక్కోసారి మిగిలిపోతుంది. ఫిజియోథెరపీ చేసే ఆమె నవ్వాపుకుంది. నేను బాత్రూమ్‌లోకి పోయి కుళాయి తిప్పి నిలబడ్డాను.

కాలేజీకి మళ్లీ వెళ్లిన రోజు స్టాఫ్‌రూమ్‌లో మా సీనియర్ సార్ దగ్గరికొచ్చి పరామర్శించాడు. అంతా విన్నాడు. తల ఊపి, "క్లాసిక్ బైస్టాండర్ ఎఫెక్ట్ మేడం. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే. పిల్లలకు ఎగ్జాంపుల్‌గా చెప్పొచ్చు" అన్నాడు.

నేను టిఫిన్ బాక్స్ మూత పెట్టాను. "సార్, ఆ ఎగ్జాంపుల్‌కు ఇప్పుడు నేను మూత్రం సంచి మార్చి వచ్చిన" అన్నాను.

"అట్ల కాదు మేడం, నా ఉద్దేశం, వాళ్లను తప్పు పట్టలేం అని. అది హ్యూమన్ నేచర్."

తప్పు పట్టలేమట. నేను కూడా అన్నేళ్లు అలాగే చెప్పాను కదా. జనం ఎందుకు కదలరో వివరించి, బోర్డు మీద బాణం గుర్తులు వేసి, పిల్లలు తలలూపితే తృప్తిగా డస్టర్‌తో తుడిచేసేదాన్ని. ఎందుకు జరుగుతుందో చెప్పడం వేరు, సరేలెమ్మనడం వేరు అని ఒక్క క్లాసులో కూడా చెప్పలేదు. వివరణ చేతికి దొరికితే చాలు, మనిషి దాన్ని బెయిలు కాగితంలా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ఆ కాగితాలు పంచింది నేనే.

ఆ శనివారం స్టీలు సామాన్ల దుకాణానికి పోయాను. గల్లా ముందు అరవై ఏళ్ల సేటు కూర్చుని ఉన్నాడు. నాకు బిందె కావాలేమో అనుకుని లేచాడు. నేనెవరో చెప్పాను. కూర్చోమని స్టూలు జరిపాడు.

"పెద్దాయన ఎట్లున్నడమ్మా?"

"మాట పోయింది. మీ మెట్టు మీదనే కూసున్నడట గదా సేటు. మీరేం జేసిండ్రు?"

"నేను..." అని ఆగాడు. "రోజు ఎంతమందో తాగొచ్చి కూసుంటరమ్మా ఆ మెట్ల మీద. గిరాకి రాదు. నేను గట్లనే అనుకున్న."

"వాసన వచ్చిందా?"

"ఊగుతుండె."

"వాసన వచ్చిందా అని అడుగుతాన."

"రాలే" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు: "అంతమంది నిలబడ్డరు గదమ్మా. ఎవలో ఒకలు చూస్తరనుకున్న."

బస్సులో నేను అన్న మాటే. పదాలే వేరు. నాకు ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది, నిజంగా. దుకాణం పైన కెమెరా కనిపించింది. ఆ రోజుది ఉందా అని అడిగాను. పోలీసులు అడుగుతారేమోనని తీసి పెట్టానన్నాడు. ఎవరూ అడగలేదట. చూపించమన్నాను. వద్దమ్మా అన్నాడు. చూపించమన్నాను.

కెమెరా బొమ్మలో శబ్దం లేదు. నాయిన మెట్టు మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో కుడి చేయిని పట్టుకుని ఎత్తి చూసుకున్నాడు, అది తనది కానట్టు. జారాడు. ఒకాయన ఆగాడు. ఇంకొకాయన. ఒకామె పిల్లను చంకలో వేసుకుని ముందుకు వంగింది. చేయి కూడా చాపింది. చాపి, తల ఎత్తి మిగతావాళ్ల ముఖాలు చూసింది. వాళ్లు ఊరికే నిలబడి ఉన్నారు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. ఆ మిగతావాళ్లు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూనే ఉన్నారు. ఎవరూ కంగారు పడటం లేదు కాబట్టి కంగారు పడాల్సిందేమీ లేదని ప్రతివాడూ అనుకుంటున్నాడు. అందరి ముఖాలూ నిమ్మళంగా ఉన్నాయి. మధ్యలో మా నాయిన కాలు నేల మీద కొట్టుకుంటోంది.

తర్వాత సేటే బయటికి వచ్చాడు. చేతిలో నీళ్ల సీసా ఉంది. రెండు మెట్లు దిగాడు. పక్కనున్నాయన ఏదో అన్నాడు. సేటు సీసా పట్టుకుని వెనక్కి తిరిగి లోపలికి పోయాడు.

"ఏమన్నడు ఆయన?" అని అడిగాను.

"తాగినోనికి నీళ్లిస్తె ఇంకింత కక్కుతడు, నీ దుకాణమే గలీజైతది అన్నడు." సేటు బొమ్మ వైపు చూడలేదు. "నేను నీళ్లు తీస్కపోయిన సంగతే మర్చిపోయిన అమ్మా. నేను బయటికే రాలేదని ఇంట్ల జెప్పిన."

అప్పుడే బొమ్మలో బస్సు వచ్చి ఆగింది. జనం తలల వెనకాల కిటికీల వరస. మసగ్గా ఉంది, మనిషి గుర్తుపట్టేంత లేదు. కానీ నేను ముందు నుంచి మూడో సీటులో కూర్చున్నాను. ఆ కిటికీలో ఒక ఆకారం కాసేపు ఇటు తిరిగి ఉంది, తర్వాత తల దించుకుంది. సేటుకు తెలియదు. ఆయన ఆ పక్కన నిలబడి, "క్షమించు బిడ్డా" అంటున్నాడు. నేను స్టూలు మీంచి లేచాను. ఆయన్ను తిట్టడానికి వెళ్లినదాన్ని, ఏమీ అనకుండా బయటికొచ్చేశాను. ఆయన్ను క్షమించానని ఆయన అనుకుని ఉంటాడు. అదీ తప్పే.

రోడ్డు దాటి మక్క కంకుల బండి దగ్గరికి పోయాను. ఆమె నాకొక కంకి కాల్చి ఇచ్చింది. అంతమంది కదలనప్పుడు నువ్వెట్ల కదిలినవని అడిగాను. మెచ్చుకుంటున్నాననుకుని ఆమె సిగ్గుపడింది.

"మా ఆయనకు గిట్లనే మూతి వోయిందక్కా, రెండేండ్లాయె. చూడంగనే తెల్సింది. తెల్వకుంటే..." బొగ్గులు విసిరింది. "తెల్వకుంటే, పొద్దటి సంది ఆడనే ఉంటే, నేను గూడ నిలబడి చూసేదాన్నేమో. అబద్ధం ఎందుకాడాలె."

ఆ మాటకూ కోపం వచ్చింది నాకు. కనీసం ఈమె అయినా మంచితనం వల్ల చేశానని చెప్పాలి కదా.

సోమవారం క్లాసులో నోట్సు తెరవలేదు. జరిగింది మొత్తం చెప్పాను, బస్సుతో సహా. అంతకుముందు ఒక్క మనిషికీ చెప్పలేదు, అన్నకు కూడా. వెనక బెంచీలోంచి స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి లేచింది.

"మేడం, మీకు ఇదంతా తెలుసు గదా. మరి మీరెందుకు దిగలేదు?"

పద్నాలుగేళ్లలో నన్ను ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే. "నాకు క్లాసు టైం అయితుండె. అంతమంది ఉన్నరనుకున్న. నాకేం సంబంధం అనుకున్న" అన్నాను. "ఇవి కారణాలు. నీ ప్రశ్నకు జవాబు కాదు. జవాబు నా దగ్గర లేదు."

ఆ రోజు నుంచి ఆ పాఠం చెప్పేటప్పుడు బాణాలు వేయడం మానేశాను. ఒకరిని నేల మీద పడుకోబెడతాను, మిగతావాళ్లను చుట్టూ నిలబెడతాను. ఒక్కొక్కరితో వేలు పెట్టి చూపించి పేరుతోనో, బట్టల రంగుతోనో పిలిచి పని చెప్పిస్తాను. మొదట నవ్వుతారు. నవ్వు అయిపోయేదాకా ఆగి మళ్లీ చేయిస్తాను. సీనియర్ సార్ ఇది సిలబస్‌లో లేదన్నాడు. లేదు.

నాయినకు చెప్పాల్సింది మిగిలింది. ఆయనకు మాట పోయింది గాని వినికిడి, అర్థం చేసుకోవడం బాగానే ఉన్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తినిపిస్తూ చెప్పాను. పప్పన్నం ముద్ద చేతిలోనే ఉంది. "నాయినా, నువ్వు పడ్డ రోజు నేను ఆ బస్సుల ఉన్న. జనాన్ని చూసిన. దిగలే. నువ్వని తెల్వదు. తెల్వకపోయినా దిగాల్సింది" అన్నాను.

ఆయన నన్నే చూశాడు. నేను మిగతా మాటలు కూడా సిద్ధం చేసుకుని ఉన్నాను, గుంపులో ఉన్నప్పుడు మనసు ఎట్లా పనిచేస్తుందో, ఎవరైనా అంతేనని. అవి మొదలుపెట్టేలోపు ఆయన ఎడమ చేత్తో నా చేతిని తోసేశాడు. ముద్ద దుప్పటి మీద పడింది. తర్వాత పళ్లేన్ని కూడా తోశాడు. గోడ వైపు తిరిగాడు.

మూడు రోజులు నా చేతి అన్నం తినలేదు. అన్నను పిలిపించాను. అన్న పెడితే తిన్నాడు. ఏమైందని అన్న అడిగితే, అన్నకూ చెప్పాను. అన్న ఏమీ అనలేదు. అనకపోవడం ఆయనకు ఎంత కష్టమయ్యిందో ముఖంలో కనిపించింది.

అన్ని రోజులుగా నాకు అందరూ ఏదో ఒక వివరణ ఇస్తూనే ఉన్నారు, నేను కూడా నాకు ఇచ్చుకుంటూనే ఉన్నాను. నాయిన ఒక్కడే ఏ వివరణా ఒప్పుకోలేదు. ఆయన అలా గోడ వైపు తిరిగి ఉంటే, గది ఊడుస్తూ, మందులు సర్దుతూ, నాకు మొదటిసారి కాస్త ఊపిరి ఆడింది. ఎవరో ఒకరు నా మీద కోపం చేయాలి కదా.

నాలుగో రోజు అన్న కేసముద్రం వెళ్లిపోయాడు. మధ్యాహ్నం పళ్లెం తీసుకుని వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. ముద్ద కలిపి పట్టుకున్నాను. ఆయన నా వైపు తిరిగి నోరు తెరిచాడు. ఇదంతా క్షమించడమని నేను అనుకోను. ఆకలైంది, తిన్నాడు. నేను పెట్టాను.